దర్వాజా మీద మన అక్షరాలు

ఢిల్లీ ఆర్.కె. పురంలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, పాత ఢిల్లీ కోటగోడకు మిగిలిన దర్వాజాల్లో ఒకటి చూద్దామని బయలుదేరాను. దాని నీడలో టీ అమ్ముతున్న ముసలామె నా చేతిసంచి మీది తెలుగు అక్షరాలు చూసి, "బేటీ, ఈ లిపి మీదా?" అని హిందీలో అడిగి, నన్ను కమాను కిందికి తీసుకెళ్ళింది. వందల ఏళ్ళ నాటి రాతి మీద ఎవరో మేకుతో లోతుగా తెలుగులో చెక్కారు.

"ఏదో దువా, ప్రార్థన అనుకుని రోజూ దుమ్ము తుడుస్తాను. ఏం రాసుంది?"

'శీను, పద్మ, తెనాలి' అని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆమెతో అబద్ధమాడలేక, "ఎవడో తన పేరూ, ప్రియురాలి పేరూ, ఊరి పేరూ చెక్కాడమ్మా" అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగింది.

"అచ్ఛా. ఇంత అందమైన అక్షరాలతో ఇదా రాసేది?" అంది.