దివాకర్ విమానాలు

ఈ లోకంలో ఎవరికీ వినిపించని విమానాలు మా దివాకర్‌కు వినిపిస్తాయి. ఒకటీ అరా కాదు. పొద్దున టిఫిన్ మొదలు సాయంత్రం సామాన్లు సర్దుకునేదాకా వస్తూనే ఉంటాయి. శంషాబాద్‌లో దిగేవి, శంషాబాద్ నుంచి లేచేవి, అసలు శంషాబాద్ ఏ దిక్కున ఉందో తెలియనివి కూడా అతని చెవిలోంచే పోతాయి.

దివాకర్ సౌండ్ రికార్డిస్టు, కోస్గి వాడు. నేను నల్లగొండ వాణ్ణి, పేరు సతీశ్, కెమెరా నాది. తెలంగాణ వచ్చిన కొత్తలో జానపద పాటల వీడియోలు జోరందుకున్నప్పుడు మా ఇద్దరికీ జత కుదిరింది. నేను బొమ్మ పడతాను, అతను మాట పడతాడు. నేను "రెడీ" అంటాను. డైరెక్టర్ "యాక్షన్" అంటాడు. దివాకర్ చెయ్యి పైకెత్తి "ఆగున్రి! విమానం పోతాంది!" అంటాడు. మా పని పద్ధతి ఇది.

ఆ కేక విన్నాక ఎంత పెద్దమనిషైనా చేసేది ఒక్కటే, తలెత్తి ఆకాశంలోకి చూడటం. అక్కడ విమానం ఉండదు. మబ్బు కూడా ఉండదు.

"యాడుందిర నీ విమానం?"

"పైన అన్నా."

"పైన ఏం లేదు గదర!"

"కండ్లకు కనవడది. మైకుల ఇనవడ్తది."

మైకు అతనిది, హెడ్‌ఫోన్లు అతనివి. ఆ హెడ్‌ఫోన్లు ఒక్కసారి పెట్టుకుని చూస్తానంటే, "పండ్లు తోమే బ్రష్ ఎవలకన్న ఇస్తవా అన్నా? గిది గూడ గంతే" అంటాడు.

పనిలో దిగాక దివాకర్‌ను చూసి తీరాలి. ఛాతీ మీద పెద్ద సంచి, అందులో రిసీవర్లు, సంచిలోంచి పైకి లేచిన రెండు యాంటెన్నాలు. మాట్లాడేవాళ్ల చొక్కా లోపల ఒక చిన్న కాలర్ మైకు దాచి, నడుముకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా కడతాడు. అంతే, వైరూ గియిరూ లేకుండా వాళ్ల మాట గాలిలో ఎగిరి వచ్చి ఈయన సంచిలో పడుతుంది. ఆ డబ్బాలను కోడిగుడ్లు మోసినట్టు మోస్తాడు. ముందు బిర్యానీ పెట్టినా సరే, బ్యాటరీలు ఛార్జింగ్‌లో పెట్టందే చెయ్యి కడగడు.

ఒకసారి దేవరకొండలో ఫంక్షన్ హాలు పక్క సందులో ప్రేమ సన్నివేశం తీస్తున్నాం. హీరో కళ్లల్లో నీళ్లు నింపుకుని ఏదో అంటున్నాడు. దివాకర్ ముఖం అదోలా మారింది. పక్క హాల్లో పెళ్లి చేయిస్తున్న పంతులు గారి కార్డ్‌లెస్ మైకూ, మా హీరో మైకూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలిశాయట. హీరో గుండెల్లోంచి "పిల్ల మేనమామ ఎక్కడ, తొందరగా రావాలి" అని వస్తోందట. దివాకర్ యాంటెన్నాలతో సహా పెళ్లి పందిట్లోకి ఉరికాడు. ఎంతసేపటికీ రాడు. చివరికి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"పంతులు మైకు మార్పిచ్చిన అన్నా. బగార బువ్వ మస్తుంది."

అంత హుషారు మనిషి. వచ్చిన చిక్కల్లా విమానాలతోనే.

రామన్నపేటలో గుర్వయ్య సార్ అనే రిటైర్డ్ టీచర్ ఇంటర్వ్యూ తీశాం. పాత రోజుల బడి గురించి ఆయన మంచి ఊపులో చెబుతుండగా మా వాడి చెయ్యి లేచింది.

"ఆగున్రి! విమానం!"

గుర్వయ్య సార్ భూగోళం చెప్పిన మనిషి. ఊరుకుంటాడా? "మా ఇంటి మీదికెల్లి విమానాల తొవ్వ లేదు బిడ్డా" అని వాదనకు దిగాడు. ఆయన భార్య సాలమ్మ మాత్రం పక్కింటివాళ్లను కూడా పిలిచి విమానం చూపించబోయింది. అందరూ వాకిట్లో నిలబడి మెడలు నొప్పెట్టేలా చూశారు.

"శాన పెద్దది పెద్దమ్మా, పోయేదాక టైం వడ్తది" అన్నాడు దివాకర్. "అందాక సార్‌కు జరంత ఉప్మా వెట్టరాదు? నాక్కూడ."

ఇద్దరూ తిన్నారు. రెండో ప్లేటు కూడా తిన్నారు. అప్పుడు విమానం పోయింది. సరే, వీడికి ఆకలైనప్పుడల్లా విమానం వస్తుందని మేము తేల్చుకున్నాం.

ఆ లెక్క కోస్గిలో తప్పింది. సుస్మిత అనే కొత్త గాయని పాట తీస్తున్నాం. ఎండ మండిపోతోంది, నిర్మాత గడియారం చూసుకుంటూ పళ్లు నూరుతున్నాడు. దివాకర్ అప్పుడే కడుపునిండా తిని వచ్చాడు. అయినా విమానం వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. "అందరు నీడకు వోయి నీళ్లు తాగున్రి, ఇది ఇప్పట్ల పోదు" అని తీర్పు చెప్పి తానే అందరికంటే ముందు నీడకు నడిచాడు. నిర్మాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం కుదరదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నల్లగొండ పత్తి మిల్లు గోదాం ఒక ఎత్తు. అక్కడ హమాలీ ఏసోబుతో మాట్లాడిస్తున్నాం. చుట్టూ మనిషి ఎత్తున పత్తి బేళ్లు, తలుపులు మూసి ఉన్నాయి. నెత్తిన పిడుగు పడ్డా వినిపించని చోటు అది.

"ఆగున్రి! విమానం!"

"లోపటికి ఎట్లొచ్చిందిర?" అని నేను అరిచాను.

"తలుపు సందులకెల్లి అన్నా. బయటికి వోదాం నడువున్రి."

ఆ రోజు నుంచి అతని పేరు పైలట్. అయినా అందరూ అతన్నే పిలుస్తారు, ఎందుకంటే అతను పట్టిన మాట అంత తేటగా ఉంటుంది. తిట్టుకుంటూ పిలుస్తారు, అంతే తేడా.

ఇక అసలు సంగతికి వస్తాను. మహబూబ్‌నగర్ కుర్రాడు శివకృష్ణ తన మొదటి సినిమా దేవరకొండ అవతలి పల్లెలో తీశాడు. మాటలన్నీ అక్కడికక్కడే రికార్డు చేయాలి, తర్వాత డబ్బింగ్ లేదు అన్నాడు. మేమంతా ఉరకలు వేస్తూ వెళ్లాం. నిజమైన సినిమా! నిజమైన మేకలు! దివాకర్ కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు, కాకపోతే సంచి వల్ల అది ఎవరికీ కనబడలేదు.

సినిమాకు ప్రాణం లాంటి సీను ఒకటుంది. కరువు సంవత్సరంలో ఒకామె తన మేకలను బేరగాడికి అమ్మేస్తుంది. మంద కదిలిపోతుంటే ముందు నడిచే మేక మెడ పట్టుకుని, "నీళ్లున్న జాగకు పో బిడ్డా, నా తాన ఏమున్నది" అంటుంది. శివకృష్ణ ఇది సొంతంగా అల్లలేదు. ఆ పల్లెలో మేకలు కాసే అండాలు అనే ముసలామె తనకు జరిగిందే చెబితే, విని రాసుకున్నాడు. ఆ వేషం కూడా ఆమెకే ఇచ్చాడు. కానీ ముందుజాగ్రత్తగా హైదరాబాద్ నుంచి ఒక నటిని కూడా పిలిపించి, చీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టాడు.

అండాలు ఆ కుర్చీ వైపు చూసింది. "నా మేకల ముచ్చట గామె ఎట్ల చెప్తది? నేనే చెప్త" అంది గట్టిగా. ఆమె మొగుడు గాలయ్య మీసం తిప్పాడు. చుట్టుపక్కల పల్లెల చుట్టాలంతా చూడటానికి వచ్చి గట్ల మీద కూర్చున్నారు.

అదే కొంప ముంచింది. కెమెరా ముందుకు రాగానే, అంతమందిని చూసి అండాలు బిగుసుకుపోయింది. మేక మెడ పట్టుకుంటుంది, నోరు తెరుస్తుంది, మాట రాదు. మళ్లీ తీశాం. మళ్లీ అంతే. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. శివకృష్ణ మంచివాడే, కానీ పొద్దు వాలుతోంది, మేకలు వినడం లేదు, అతని చూపు మాటిమాటికీ కుర్చీ వైపు పోతోంది. అది అండాలు కూడా చూసింది.

"ఒక్కసారి చూద్దాం అవ్వా. కాకుంటె ఆమెతోని చేపిస్త, ఏమనుకోకు" అన్నాడు శివకృష్ణ.

నేను కెమెరాలో కన్ను పెట్టాను. "రెడీ" అన్నాను. శివకృష్ణ "యాక్షన్" అన్నాడు.

"ఆగున్రి! విమానం!"

ఇంకెవరైనా అయితే ఊరుకునేవారేమో, నేను మండిపోయాను. "అరేయ్ పైలట్! వెలుతురు వోతాంది, గిప్పుడా నీ విమానం?"

"ఒకటి గాదన్నా, లైనుగ వస్తున్నయ్. ఏం జేయమంటవ్?"

గట్ల మీది జనం అండాలును వదిలేసి ఆకాశంలోకి చూశారు. తర్వాత దివాకర్‌ను చూసి తిట్టడం మొదలుపెట్టారు. గాలయ్య అయితే కర్ర ఎత్తాడు. ఇంతలో ఒక మేక వచ్చి దివాకర్ సంచికి వేలాడే వైరు నమలబోయింది. అతను సంచీ, హెడ్‌ఫోన్లూ తీసి గబగబా నా కెమెరా పెట్టె మీద పెట్టి, "మైకు సరిచేసొస్త" అంటూ అండాలు దగ్గరికి పోయాడు.

హెడ్‌ఫోన్లు నా ముందున్నాయి! ఇన్నేళ్ల కక్ష తీర్చుకునే అవకాశం. విమానమే లేదని ఈ రోజు నలుగురిలో నిరూపించాలని తీసి చెవులకు పెట్టుకున్నాను.

విమానం లేదు. దడదడదడమని ఇంకేదో వినిపించింది. పరుగెత్తి వచ్చిన మనిషిలా ఊపిరి. గుటక మింగిన చప్పుడు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అది అండాలు గుండె. రవిక లోపలి మైకు ఆమె గుండెను తెచ్చి నా చెవిలో పెట్టింది.

దాని మీదుగా దివాకర్ గొంతు వచ్చింది. మైకు ఆన్‌లోనే ఉందన్న సంగతి అతనికి గుర్తులేదు. వినేవాళ్లు ఎవరూ లేరనుకున్నాడు కాబోలు.

"ఏందవ్వా, భయమైతాందా?"

"నాతోని గాదు బిడ్డా. గామెతోనే చెప్పియ్యున్రి. అందరు నవ్వవట్టిరి." ఆమె పైకి చూసింది. "గా ఇమానం ఇంక పోలేదా? నాకైతె ఇనొస్తలేదు."

"విమానం లేదు గిమానం లేదవ్వా. నీ గుండెకాయ గుద్దుకుంటాంది. గది సల్లవడేదాక విమానం పోతనే ఉంటది. నువ్వు ఫికర్ జెయ్యకు."

"నా కోసమా? మరి నిన్ను తిడ్తున్రు గద బిడ్డా!"

"నాకు అలవాటే. నన్ను తిట్టినంత సేపు నీ దిక్కు ఎవలు జూడరు. గది ఇడిసిపెట్టు. నీ మేక పేరేంది?"

"సుక్కి. నుదురు మీద తెల్ల సుక్క ఉండె. నేను పిలిస్తె ఎంత దూరమున్నా ఎనకకు మర్రి చూస్తుండె."

"గట్లనే పిలువు. కెమెరాను చూడకు, మనుషులను చూడకు. సుక్కికి ఒక్కదానికే చెప్పు."

దడదడ కాస్త నెమ్మదించింది. ఆమె ముక్కు చీది, చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నా రెండు చెవుల మధ్య వినిపించింది.

నేను హెడ్‌ఫోన్లు ఎలా ఉన్నవి అలా పెట్టేశాను. రామన్నపేటలో గుర్వయ్య సార్ గుర్తొచ్చాడు. ఆయనకు షుగర్, మా హడావుడిలో పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆయన కడుపు అరుపు దివాకర్ ఒక్కడికే వినిపించి ఉంటుంది. నిర్మాతకు భయపడి మంచినీళ్లు అడగలేక ఎండిపోయిన సుస్మిత గొంతు. పత్తి దుమ్ముకు ఏసోబు ఛాతీలో ఆపుకుంటున్న దగ్గు. వాళ్ల సంగతి నలుగురిలో బయటపెట్టకుండా ఇన్ని విమానాలు ఎగరేశాడు మా వాడు! నాకు వాణ్ణి కౌగిలించుకుని నాలుగు తన్నాలనిపించింది.

దివాకర్ తిరిగి వచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. శివకృష్ణ పళ్లు బిగబట్టి అడిగాడు, "పోయినయా?" దివాకర్ కాసేపు విన్నాడు. ఏం వింటున్నాడో నాకు మాత్రమే తెలుసు. "పోయినయ్ సార్" అన్నాడు.

యాక్షన్ చెప్పారు. మంద కదిలింది. అండాలు ముందు మేక మెడ చుట్టూ చేతులు వేసింది.

"సుక్కీ..." అని పిలిచింది. అది మా కాగితంలో లేదు. "నీళ్లున్న జాగకు పో బిడ్డా. నా తాన ఏమున్నది? పో... మర్రి చూడకు."

గట్ల మీద నవ్విన వాళ్లు లేచి నిలబడ్డారు. నా కళ్ల ముందు కెమెరా అద్దం మసకబారింది. సరిగ్గా అప్పుడే, ఆ చివరి మాటల మీదుగా, ఆకాశం దద్దరిల్లేలా గుర్రుమంటూ విమానం వచ్చింది. నిజం విమానం! రెక్కలతో సహా! మేకలు కూడా తలలెత్తాయి.

"కట్!" శివకృష్ణ ఏడుపుగొంతుతో దివాకర్ వైపు తిరిగాడు. ఊరంతా అతని వైపే తిరిగింది. "సౌండ్?"

దివాకర్ బొటనవేలు పైకెత్తాడు. "సూపర్ సార్! ఓకే!"

"మరి విమానం?"

"ఏం విమానం సార్?"

గాలయ్య ఊరుకోలేకపోయాడు. "అగో, నెత్తి మీదనే పోతాంది గదర!" అని కర్రతో చూపించాడు.

"నా మైకుల ఏం వడలే తాతా" అన్నాడు దివాకర్, దాని వైపు కన్నెత్తి కూడా చూడకుండా.

హైదరాబాద్ నటి అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది. జనం అండాలును చుట్టుముట్టారు. కాసేపయ్యాక దివాకర్ ఆమెను మేకల దొడ్డి వెనక్కి తీసుకుపోయి, "అవ్వా, గా ముచ్చట ఉత్తగ నాకొక్కసారి చెప్పు, ఇనాలనుంది" అన్నాడు. కెమెరా లేదు, జనం లేరు, రవికలో మైకు మాత్రం అలాగే ఉంది. ఆమె మేకకు ఆకు మేపుతూ అంతే బాగా మళ్లీ చెప్పింది. తర్వాత వాడు ఎడిటింగ్‌లో కూర్చుని, విమానం పడిన చోటల్లా ఆ మాటలు అతికించాడు. తెర మీద చూసినవాళ్లకు అతుకు కనబడలేదు.

నేను విన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, వాడికీ చెప్పలేదు. చెబితే వాడి విమానాలు ఆగిపోతాయి.

మొన్న కొత్తగా చేరిన యాంకర్ మల్లికతో ఒక కార్యక్రమం తీస్తున్నాం. ఆ పిల్లకు అదే మొదటి రోజు, చేతిలోని కాగితం మళ్లీ మళ్లీ చదువుకుంటోంది. దివాకర్ చెయ్యి లేచింది.

"ఆగున్రి! విమానం!"

యూనిట్ అంతా ఉసూరుమంది. నేను కెమెరా మీంచి కన్ను తీసి, మబ్బు తునక కూడా లేని ఆకాశం వైపు చెయ్యి చూపించాను.

"అవునవును. అగో, పోతాంది. ఎనక ఇంకో రెండున్నయ్. జర సేపు వడ్తది, అందరు కూసోండ్రి. బిడ్డా మల్లికా, నువ్వు చాయ్ తాగు."

మల్లిక కూర్చుంది. అందరూ నా వేలు చూపిన వైపు వెతికారు. అందరికంటే ఆశ్చర్యపోయి, హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికింది దివాకరే.