అన్నయ్య జరిపిన తొమ్మిది నిమిషాలు

యుద్ధం పుణ్యమా అని సర్కారువారు గడియారాలన్నీ గంట ముందుకు జరిపించారు. దీపాల ఖర్చు కలిసొస్తుందట. మా వీధిలో ఎవరి నోట విన్నా ఇదే గోల. "మా గేదెకి ఎవరు చెప్తారండీ కొత్త టైము?" అంటుంది పాలు పోసే ఆవిడ. ఎదురింటి ప్లీడరుగారు పేపరు చదివి మంచి పనే అంటారు. "ఆయనకేం, చీకట్లో పొయ్యి రాజెయ్యాల్సింది నేను కదండీ" అని వాళ్ళావిడ గోడ మీంచి నాతో మొర పెట్టుకుంటుంది. నిన్న పొద్దున్న మా అమ్మాయి బడికి వేళవుతోందని కుర్చీ ఎక్కి, గోడ గడియారం ముల్లు మీద వేలు పెట్టింది. "దిగు! దాని జోలికి వెళ్ళకు!" అని నేను అరిచిన అరుపుకి పాపం పడబోయింది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఆడపిల్లల బడిలో పంతులమ్మ. దాన్ని చంటిపిల్లని కసిరినట్టు కసిరాను. "ఏమైందమ్మా నీకు?" అంటే కుర్చీ లాక్కెళ్ళి వంటింట్లో పెట్టేశాను.

ఆ గడియారం మా నాన్నగారిది, ఆయన పోయాక నా దగ్గరికొచ్చింది. తాలూకా కచేరీలో గుమస్తాగా చేసి దిగిపోయిన ఏడాది, రాజమండ్రిలో కొని, పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. పెనుగొండకి కూతవేటు దూరంలో, కాలవ గట్టున మా ఊరు. నేను తొలికాన్పుకి పుట్టింటికి వచ్చేనాటికి, దేశమంతటికీ ఒకటే టైమని కొత్త ఉత్తర్వు వచ్చింది. అంతదాకా నడిచిన మద్రాసు టైము కన్నా తొమ్మిది నిమిషాలు ముందుకన్నమాట. రైళ్ళు జరిగాయి, కచేరీలు జరిగాయి, కాలవ పడవల్ని వదిలే లాకు దగ్గర గంట కూడా జరిగింది. ఊళ్ళో ఒకటే గగ్గోలు. "మన ఆయుష్షులో తొమ్మిది నిమిషాలు దొరలు మింగేశార్రా" అని ముసలాళ్ళు, "మింగితే మింగారు, జీతం ఆ మేరకు ముందొస్తుందేమో" అని కుర్రాళ్ళు. మా నాన్నగారైతే శివాలెత్తిపోయారు. "సూర్యుడికి తాఖీదు పంపారా? ఆయన దస్కతు పెట్టాడా?" అని అరుగు మీద దారినపోయే ప్రతివాణ్ణీ నిలదీసేవారు. "ఈ ముల్లు కదిపినవాడెవడైనా సరే, నా గుమ్మం తొక్కక్కర్లేదు" అని ఇంట్లో అందరికీ చెప్పారు. ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి. అక్కడే వచ్చింది చిక్కు.

మా అన్నయ్య తునిలో, రైలు స్టేషనులో తంతి గుమస్తా. సెలవుకి వస్తే తెల్లవారి ఆరింటి పడవ ఎక్కి నిడదవోలులో రైలందుకోవాలి. లాకు దాకా అరగంట నడక. నాన్నగారు వర్జ్యం చూసుకుని, "మన గడియారం అయిదున్నర కొట్టాక కదులు" అనేవారు. మన గడియారం అయిదున్నర కొట్టేసరికి లాకు గడియారం దానికి తొమ్మిది నిమిషాలు ముందుండేది. వెనకటి సెలవులో ఆ తొమ్మిది నిమిషాల్లోనే పడవ తప్పిపోయింది. ఇంకోసారి ఆలస్యమైతే ఇంటికి పంపేస్తామన్నారట పైవాళ్ళు. అందుకని ఈసారి తెల్లవారుజామున, నాన్నగారు కాలవకి స్నానానికి వెళ్ళగానే, ముల్లు తొమ్మిది నిమిషాలు ముందుకు తోశాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. "నేను వెళ్ళాక లోలకం తొమ్మిది నిమిషాలు ఆపి మళ్ళీ ఊపెయ్యవే అమ్మడూ. వెనక్కి మాత్రం తిప్పకు, గంటలు తప్పుతాయి" అన్నాడు. సరేనన్నాను. గడియారం అయిదున్నర కొట్టడం, అన్నయ్య నవ్వుకుంటూ వీధిలోకి దిగడం, నాకు నొప్పులు మొదలవడం, అన్నీ ఒక్కసారే అయ్యాయి. ఇంక లోలకం ఎవరికి గుర్తుంటుంది?

ఆ మధ్యాహ్నం పిల్ల పుట్టింది. మంత్రసాని కేకెయ్యగానే నాన్నగారు గడియారం చూసి టైము రాసుకుని సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళారు. అది పాత మద్రాసు టైమేనని ఇద్దరూ లెక్క కట్టారు. కృత్తిక వెళ్ళిపోయి రోహిణి వచ్చి అప్పటికి నాలుగు నిమిషాలైందట. రోహిణిలో పుట్టిన పిల్ల మేనమామకి గండం. శాంతి చేసి, నూనెలో పిల్ల నీడ చూశాకే మేనమామ దాని మొహం చూడాలి. అది ఇరవై ఏడో రోజున. ఆ నాలుగు నిమిషాల సంగతీ, అంతదాకా ఇంటికి రావద్దనీ అన్నయ్యకి ఉత్తరం రాసేశారు. నేను పురిటి గదిలో పడుకుని అన్నీ విన్నాను. ముల్లు కదిలిందని ఒక్క మాట అంటే నా పిల్ల కృత్తికలో పుట్టినట్టే. కానీ అన్నయ్యకి గుమ్మం మూసుకుపోతుంది. ఇరవై ఏడు రోజులే కదా, నోరు మూసుకుంటే ఎవరికీ బాధ లేదని నా తెలివితేటలు.

ఉత్తరం అందినా వాడు ఆగలేదు. తొమ్మిదో రోజున వచ్చేశాడు. నాన్నగారు పెరట్లోనే ఆపేశారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"ఇంట్లో గడియారం ఎలా నడుస్తోందే?" అన్నాడు నాకేసి చూసి.

"నా గడియారానికేంరా!" అన్నారు నాన్నగారు మీసం దువ్వుకుంటూ. "లాకు గంటా అదీ ఇప్పుడు ఒక్కసారే కొడుతున్నాయి. చచ్చినట్టు వాళ్ళే పాత టైముకి దిగొచ్చారు!"

అన్నయ్య మొహంలో రంగు మారింది. నేను లోలకం ఆపలేదని తెలిసిపోయింది, పిల్ల నక్షత్రం సంగతీ తెలిసిపోయింది. "నాన్నగారూ, అసలు ఆ వేళ..." అంటూ నోరు తెరిచాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. వాడు ఆగిపోయాడు.

"పోనీ ఏడుపైనా వినిపించవే" అన్నాడు. పిల్ల అరికాలు గిల్లాను. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. "అబ్బో, దీనికి తంతితో పని లేదు, ఇక్కణ్ణించి అరిస్తే తునికి వినిపిస్తుంది!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

పద్ధెనిమిదో రోజున తుని నుంచి తంతి వచ్చింది. వాంతులూ విరోచనాలూ పట్టుకుని అన్నయ్య ఒక్క పూటలో పోయాడు.

రోహిణి ఊరికే పోతుందా అంది ఊరు. మా అమ్మ పిల్లని ముట్టుకోవడం మానేసింది. అప్పుడు చెప్పాను అందరికీ, ముల్లు కదిలిందని, గొంతు చించుకుని. "కన్నతల్లి, అంతకన్నా ఏమంటుంది లెండి" అన్నారు. ఒక్క నాన్నగారే నమ్మారు. సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చి, "కృత్తికేనమ్మా" అన్నారు. అంతే. నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండును. ఆదివారం గడియారానికి కీ ఇస్తుంటే లోలకం ఆపుతారనుకుని చూస్తున్నాను. అద్దం తలుపు తీశారు, కీ ఇచ్చారు, ముళ్ళని కాసేపు చూసి తలుపు వేసేశారు. పోయేదాకా ఆ తొమ్మిది నిమిషాలు అలాగే ఉంచేశారు. "గుమస్తాగారు దారికొచ్చారు" అని ఊరు నవ్వుకుంది. ఆయన పిల్లని భుజాన వేసుకుని ఆ గడియారం కిందే పచార్లు చేసేవారు.

మా అమ్మాయికి ఈ కథంతా తెలుసు, కిటికీ దగ్గర జరిగింది తప్ప. ఇవాళ అది బడి నుంచి రాగానే అదీ చెప్పేశాను. నేను తల ఊపి ఆపకపోతే వాడు చెప్పేసేవాడే, నిన్ను ఒక్కసారైనా ఎత్తుకున్నాకే పోయేవాడు అన్నాను. అసహ్యించుకుంటుందనుకున్నాను. అది గడియారం వంక చూసింది.

"అయితే మావయ్య నా గొంతు విన్నాడా?" అంది.

"విన్నాడే తల్లీ. విని నవ్వాడు."

"ఏమన్నాడో మళ్ళీ చెప్పు."

చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. మూడుసార్లు చెప్పించుకుంది. గడియారం జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఊరంతా గంట ముందుకు పోయినా మా గోడ మీద అన్నయ్య పెట్టిన టైమే నడుస్తోంది. ముల్లుదేముంది, ఎవరు తోస్తే వాళ్ళ మాట వింటుంది. నేను తల ఊపిన ఆ ఒక్క క్షణమే, ఇన్నేళ్ళయినా ఉన్నచోటు నుంచి కదల్లేదు.