పెనం మీద కూర్చున్న డ్రైవరమ్మ

ఆ ఇంట్లో ఆదివారం పొద్దున అంటే ఫ్రెంచ్ టోస్టే. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు గానీ, ఎలా జరగాలో మాత్రం అందరికీ కంఠతా వచ్చు. గుడ్లు, పాలు, చక్కెర గిలక్కొట్టిన గిన్నెలో బ్రెడ్డు ముక్క మునుగుతుంది. వెన్న రాసిన పెనం మీద చుయ్యిమంటుంది. రెండు వైపులా ఎర్రగా కాలగానే మామగారి కంచంలో పడుతుంది. తర్వాతది మొగుడికి, ఆ తర్వాతది కూతురికి. అంతలోకి మామగారి కంచం ఖాళీ. మళ్ళీ మొదలు. అందరి కడుపులూ నిండి, కుర్చీలు వెనక్కి జరిగి, ఒకరు పేపరూ ఒకరు ఫోనూ పట్టుకున్నాక, పెనం ముందు నిలబడ్డ మనిషి గిన్నె అడుగున నాని చిరిగిపోయిన ముక్కలు కాల్చుకుంటుంది. అవి నోట్లో పెట్టుకునేలోగా "కాఫీ" అని వినపడుతుంది. కాఫీ కలిపి ఇచ్చొచ్చి, చల్లారిన ముక్కల్ని వంటగట్టుకి ఆనుకుని నిలబడే తింటుంది.

ఆ మనిషిని వీధిలో అందరూ డ్రైవరమ్మ అంటారు. సిటీ బస్సు నడుపుతుంది. పొట్టి మనిషి, సీటు మీద దిండు వేసుకుంటే గానీ అద్దంలోంచి రోడ్డు కనపడదు. కానీ ఆ దిండు మీద కూర్చుందంటే ఇక ఆమెని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఓసారి మార్కెట్టు సందులో ఎదురుగా లారీ వచ్చింది. నువ్వు వెనక్కి తియ్యి అంటే నువ్వు తియ్యి అని లారీవాడు. డ్రైవరమ్మ నోరు పారేసుకోలేదు. ఇంజను ఆపేసి, సంచిలోంచి కమలాపండు తీసి, తీరిగ్గా తొనలు ఒలుచుకుని తింది. పండు అయ్యేలోగా లారీ వెనక్కి వెళ్ళింది. బస్సులో వాళ్ళు చప్పట్లు కొట్టారని చెప్పుకుంటారు గానీ, కొందరు ఆలస్యమైందని తిట్టారు కూడా.

అంత గట్టి మనిషి ఇంట్లో పెనం ముందు ఎందుకు తగ్గిందీ అంటే, తగ్గుతున్నానని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. అత్తగారు అలాగే నిలబడింది. కోడలు వచ్చాక పెనం అప్పగించింది గానీ పాపం కూర్చోవడం మాత్రం ఆవిడకి చేతకాలేదు. ఇప్పటికీ కోడలి పక్కనే బ్రెడ్డు ముంచే గిన్నె పట్టుకుని నిలబడుతుంది, కోడలితో పాటే చల్లారిన ముక్కలు తింటుంది. పైగా పక్క వీధిలో కాపురం ఉండే ఆడబిడ్డ, సరిగ్గా పెనం వేడెక్కే వేళకి ఆదివారం ఆదివారం దిగిపోతుంది. దిగి ఒకటే మాట. "వారమంతా కూర్చుని చేసే ఉద్యోగమే కదా నీది. ఒక్క పూట నిలబడితే కాళ్ళకి మంచిదేలే."

డ్రైవరమ్మ నవ్వి ఊరుకునేది. ఊరుకోలేని రోజు ఒకటి వచ్చింది. ఆ ఆదివారం రెండో విడత టోస్టులు పడుతుండగా కూతురు కుర్చీలోంచి లేచి వచ్చింది. హైస్కూలు పిల్ల. తల్లి చేతిలోంచి అట్లకాడ తీసుకుని, "నువ్వెళ్ళి తిను అమ్మా, నేను నిలబడతా" అంది. ప్రేమగానే అంది.

"చూశారా, పిల్లకి అప్పుడే ఎంత బుద్ధో" అని ఆడబిడ్డ మురిసిపోయింది.

డ్రైవరమ్మ అట్లకాడ వెనక్కి తీసుకుంది. తన చోటు కూతురికి ఇచ్చి తను కూర్చుంటే చాలా? అలా కూర్చోవడం కంటే నిలబడటమే నయం. కానీ ఇద్దరిలో ఎవరూ నిలబడకూడదు. ఆ మాట ఆమె మనసులో అక్కడే మేకులా దిగింది.

దారి డిపోలో దొరికింది. అక్కడి క్యాంటీన్ అక్క పొద్దుటి డ్యూటీ వాళ్ళందరికీ ఒకే ట్రేలో ఫ్రెంచ్ టోస్టు బేక్ చేస్తుంది. బస్సులన్నీ ఒకేసారి బయల్దేరాలి కాబట్టి అందరూ ఒకేసారి తినాలి. ట్రే ఓవెన్లో పెట్టేసి ఆవిడ కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చుని డ్రైవర్లతో పోట్లాడుతుంది. అన్నాళ్ళూ ఆ టోస్టు తింటూ వచ్చింది గానీ, వండిన మనిషి పక్కనే కూర్చుని ఉందని డ్రైవరమ్మ ఆ వారమే గమనించింది.

"అక్కా, ఇది ఇంట్లో అవుతుందా?"

"ఓవెన్ ఉందా?"

"ఉంది. అందులో గిన్నెల మూతలు దాచుకుంటున్నాం."

"మూతలు తీసెయ్యి. అవుతుంది."

శనివారం డ్యూటీ దిగి వస్తూ పెద్ద బ్రెడ్డు కొంది. ముక్కలు లావుగా కోసి, గాలికి ఆరబెట్టింది. ట్రేకి ధారాళంగా వెన్న రాసి, ముక్కల్ని ఏటవాలుగా పేర్చింది. ఆఖరి ట్రిప్పులో ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయే ప్రయాణికుల్లా ఉన్నాయవి. గుడ్లు, పాలు, చక్కెర, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి కలిపి గిలక్కొట్టి, ఏ ముక్కా పొడిగా మిగలకుండా మీద పోసి, చేత్తో మెల్లిగా అదిమి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. "రేపటి దానికి ఇవాళే తడిపేస్తే అది టోస్టు అవుతుందా, బురద అవుతుందా?"

"టోస్టే అవుతుంది అత్తయ్యా. రేపు మనం కూడా వాళ్ళతో కూర్చుని వేడిగా తింటాం. మీరు, నేను, పిల్లా."

"మరి వేసేదెవరు?"

"ఎవరూ వెయ్యరు. అదే అవుతుంది."

ఎవరూ వెయ్యకుండా అయ్యే తిండి అత్తగారి బుర్రకెక్కలేదు. ఏదో బస్సుల వాళ్ళ పద్ధతి కాబోలు అనుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లారింది. డ్రైవరమ్మ ఓవెన్ వేడెక్కాక ట్రే మీద చక్కెర చల్లి, వెన్న ముక్కలు అక్కడక్కడా పెట్టి, లోపలికి తోసి తలుపు వేసింది. ముందుగదిలో బల్ల మీద కంచాలు సర్దింది. మొగుడి పక్కన కుర్చీ లాక్కుని, బస్సు సీటులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. మొగుడు దర్జీ. మాట తక్కువ, కొలత ఎక్కువ. పెళ్ళాన్ని ఒకసారీ, వంటగదిని ఒకసారీ చూసి, "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"దివ్యంగా ఉంది."

ఆడబిడ్డ రానే వచ్చింది. చెప్పులు విప్పుతూనే వాసన పట్టి, "ఏంటి, ఇవాళ పెనం చప్పుడే లేదు?" అంది.

"ట్రేలో అవుతోంది వదినా. కూర్చోండి, అందరం కలిసి తిందాం."

అందరూ కూర్చున్నారు, మామగారు తప్ప. ఆయన చేతులు కడుక్కుని వస్తానని లోపలికి వెళ్ళారు.

ఇక్కడ మామగారి సంగతి చెప్పాలి. జీవితమంతా బట్టల మిల్లులో సూపర్వైజరు. అక్కడ ఒకటే రూలు. పక్కన మనిషి లేని మిషను తిరగకూడదు. కనపడితే ఆపెయ్యాలి. మిల్లు మూతపడినా ఆ రూలు మాత్రం ఆయన వెంట ఇంటికి వచ్చేసింది. ఖాళీ గదిలో ఫ్యాను, చూసేవాళ్ళు లేని టీవీ, ఇస్త్రీ పెట్టె, అన్నీ ఆపుకుంటూ వెళ్తారు. అల్లుడు ఒకసారి స్నానానికని నీళ్ళ హీటరు వేసి, తువ్వాలు తెచ్చుకోవడానికి వెళ్ళొచ్చేసరికి చన్నీళ్ళు పడ్డాయి. పొయ్యిని మాత్రం ఆయన ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆపాల్సి రాలేదు. దాని ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉండేవారు మరి.

మామగారూ వచ్చి కూర్చున్నారు. కబుర్లయ్యాయి. ఆడబిడ్డ తన అద్దె ఇంటి పైవాటా వాళ్ళు కుర్చీలు ఎలా ఈడుస్తారో వివరంగా చెప్పింది. అయ్యే వేళ దాటింది. డ్రైవరమ్మ లేచి వెళ్ళి, గుడ్డ పట్టుకుని ఓవెన్ తలుపు తీసింది. వేడి మొహానికి కొట్టలేదు. ట్రే బల్ల మీదకి తెస్తే ముక్కలు పాలల్లో వణుకుతున్నాయి. పైన చక్కెర కరగనైనా కరగలేదు.

"నేను చెప్పలేదూ" అంది అత్తగారు, "బురద."

"ఓవెన్ ఎవరు ఆపారు?"

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అదా... ఊరికే కాలిపోతోంది కదా అని ఆపానమ్మా. పక్కన ఎవరూ లేరు."

"నేనున్నాను మావయ్యా."

"ఎక్కడున్నావు?"

"ఇక్కడ. కూర్చుని ఉన్నాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కూతురు ఆవులింత నటించి నవ్వు దాచుకుంది. ఆడబిడ్డ మాత్రం లేడిలా లేచి వంటగదిలోకి వెళ్ళి, పెనం పట్టుకుని వచ్చింది. "పోనీలే మరదలా, కొంపలేం మునగలేదు. ఇవే ముక్కలు పెనం మీద వేసేస్తే చిటికెలో అయిపోతాయి. అందరూ ఆకలి మీదున్నారు. ఇంద, పట్టు."

పెనం పిడి డ్రైవరమ్మ వైపే చాచి ఉంది. మొగుడు కంచం కేసి చూశాడు. కూతురు లేవబోయింది, "నేను వేస్తా" అంటూ.

డ్రైవరమ్మ పెనం అందుకుంది. అందరూ ఊపిరి తీసుకున్నారు. ఆమె ఆ పెనాన్ని తన కుర్చీలో పెట్టి, దాని మీద సోఫాలోని దిండు ఒకటి వేసి, దిండు మీద కూర్చుంది. పిడి పక్కకి తోకలా పొడుచుకొచ్చింది.

"ఇదేం చోద్యం?" అంది ఆడబిడ్డ.

"పెనం కావాలంటే నన్ను లేపి తీసుకోండి వదినా. నువ్వు కూర్చో" అని కూతురి మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఏవండీ, ఆ ట్రే లోపల పెట్టి ఓవెన్ వెయ్యండి."

దర్జీ ట్రేని పెళ్ళికూతురి బట్టల్లా రెండు చేతులా మోసుకెళ్ళాడు. ఓవెన్ మీట ఎటు తిప్పాలో తెలియక లోపలి నుంచే అడిగాడు. ఆమె కుర్చీలోంచే చెప్పింది, బస్సు వెనక్కి తీయించే కండక్టరులా. కుడికి, ఇంకొంచెం, చాలు.

"దీన్ని ఎవరూ ఆపొద్దు" అంది. "పక్కన మనిషి ఉండాలంటే మావయ్య ఉంటారు."

మామగారు లేచి వెళ్ళి ఓవెన్ ముందు నిలబడ్డారు. ఆయనకి అది శిక్షలా లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మిల్లులో లాగే కాస్త అటూ ఇటూ నడిచారు.

ఎదురుచూడటం ఆ ఇంట్లో మొగవాళ్ళకి, ఆడబిడ్డకి అలవాటు లేని పని. మొగుడు చెంచా అటు తిప్పి ఇటు తిప్పాడు. ఆడబిడ్డ ఖాళీ కంచం తుడిచిందే తుడిచింది. "ఇలా పస్తులు పెట్టడం మా ఇంటా వంటా లేదు."

"ఆకలేస్తోంది" అన్నాడు మొగుడు, తప్పు చేసినవాడిలా.

"వేస్తుంది. ప్రతి ఆదివారం ఈ వేళకి నాకూ ఇలాగే వేస్తుంది. ఈ వారం మీకు తెలిసింది, అంతే."

అది అరిచి చెప్పలేదు. తర్వాతి స్టాపు ఏదో చెప్పినట్టు చెప్పింది. అతను చెంచా కింద పెట్టేశాడు.

అత్తగారి అవస్థ వేరు. కూర్చున్నట్టే కూర్చుని, చటుక్కున లేచి వంటగది గుమ్మం దాకా వెళ్తుంది. అక్కడ మామగారు కాపలా ఉంటే తిరిగొస్తుంది. "నా కాళ్ళు వాటంతట అవే వెళ్ళిపోతున్నాయే" అంది, సిగ్గుపడుతూ.

"పోనివ్వండి. మళ్ళీ తీసుకొచ్చి కూర్చోబెట్టండి."

వాసన ముందు వచ్చింది. కరిగిన వెన్న, దాల్చినచెక్క, చక్కెర మాడీ మాడని వాసన. ఆడబిడ్డ మాట మధ్యలో ఆగిపోయింది. లోపల్నుంచి మామగారు, "పొంగుతోందమ్మా, బంగారు రంగు వస్తోంది, ఇదిగో అంచులు ఎర్రబడ్డాయి" అని ఒక్కొక్కటే చెప్పసాగారు. అయిందని ఆమె చెప్పాకే మొగుడు ట్రే తెచ్చాడు. పైన పెళుసుగా పాకం కట్టింది. ముక్కల సందుల్లో వెన్న ఇంకా బుడబుడమంటోంది. పొగలు అందరి మొహాల్లోకీ ఒకేసారి వచ్చాయి.

డ్రైవరమ్మ గరిటె తీసుకుంది. మామగారు వచ్చి కూర్చుని, తన కంచం అలవాటుగా ముందుకు జరిపారు. ఆమె మొదటి ముక్క, మూలది, పెళుసైనది, తన కంచంలో వేసుకుంది. ఆడబిడ్డ కళ్ళెగరేసింది. రెండోది అత్తగారికి. మూడోది కూతురికి. ఆ తర్వాత గరిటె బల్ల మధ్యలో పెట్టింది.

"మిగతావాళ్ళు వేసుకోండి."

 ముందుగా మొగుడు గరిటె అందుకున్నాడు. తన తండ్రికి వేశాడు, అక్కకి వేశాడు, చివరికి తనకి. కొలిచినట్టు సమానంగా.

డ్రైవరమ్మ చెంచాతో విరిచింది. పైన కరకరలాడింది, లోపల వెన్నలా కరిగింది, కళ్ళు చెమర్చేంత వేడిగా ఉంది. తీరిగ్గా నమిలి మింగింది.

అప్పుడే పక్క కుర్చీలో అత్తగారు "ఆ" అని నోరు పట్టుకుంది. ముక్కని అమాంతం నోట్లో పెట్టేసుకుంది ఆవిడ. నాలుక కాలింది. కూతురు మంచినీళ్ళు అందించింది.

"ఊదుకుని తినాలి కదా నానమ్మా."

"నాకెలా తెలుస్తుంది?" అంది అత్తగారు, నీళ్ళు మింగి. "ఇది ఊదుకుని తినేదని నాకెవరు చెప్పారు? నా దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడైనా వేడిగా ఉండి చచ్చిందా?"

 మామగారు కంచంలో ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తూ ఉండిపోయారు. ఆడబిడ్డ మాత్రం ప్రతి ఆదివారం అడిగేదే అడిగేసింది.

"అమ్మా, కాస్త కాఫీ పెట్టవే."

అత్తగారి కాళ్ళు కదిలాయి, వాటంతట అవే. కుర్చీ కిర్రుమంది. డ్రైవరమ్మ పెద్దావిడ వైపు చూసింది. ఆవిడ సగం లేచి, కంచంలో ఇంకా పొగలు కక్కుతున్న ముక్కని చూసి, మళ్ళీ కూర్చుంది. చెంచాతో చిన్న ముక్క విరిచి, మొహానికి దగ్గరగా పెట్టుకుని, బుగ్గలు పూరించి ఊదింది.

"నువ్వే పెట్టుకో" అంది తన కూతురితో. "నేను తింటున్నాను."