గచ్చు మీద ప్లాస్టిక్ కవరు

“నీళ్లు నువ్వే చల్లి, గచ్చులో చెమ్మ ఉందంటావేంటయ్యా? సోమవారం పిల్లలు దిగుతున్నారు.”

“నేనెందుకు చల్లుత మేడం? పని ఆగితే మాడేది నా కడుపే గద.”

అమీర్‌పేటలో మా హాస్టల్ నడిపే వసుమతి గారు కింది అంతస్తు గదిలో హనుమాండ్లును నిలదీస్తున్నారు. నాది ఆ పక్క గది. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసినవాణ్ని, గోడవతలి మాటలు వినడానికి కావలసినంత తీరిక.

కొత్త ఫ్లోరింగ్ వేసేముందు గదిని సిద్ధం చేయడం హనుమాండ్లు పని. పాత టైల్స్ పగలగొట్టి, గచ్చు గీకి, గుంటలు పూడుస్తాడు. చివర్న ఒక ప్లాస్టిక్ కవరు నేలమీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజంతా వదిలేస్తాడు. కవరు లోపల నీటి బొట్లు పడితే గచ్చు ఇంకా ఆరనట్టు. ఆరేదాకా, పైన పరిచే వినైల్ షీటుకు జిగురు పూయడు. ఆ ఉదయం కవరు నిండా బొట్లే. పది రోజులు ఆగాలన్నాడు.

నేను నమ్మలేదు. ముందురోజు అతను మగ్గుతో నీళ్లు గదిలోకి తీసుకెళ్లడం చూశాను. వసుమతి గారికి చెప్పింది కూడా నేనే.

“రేపటికి తేల్చు. లేదంటే పంజాగుట్ట నుంచి వేరేవాళ్లను పిలుస్తా” అని ఆవిడ వెళ్లిపోయారు.

నేను గుమ్మంలో నిలబడి అడిగాను. “మగ్గుతో నీళ్లెందుకన్నా?”

“ఓ, చెప్పింది నువ్వేనా? కండ్లల్ల దుమ్ము పడ్డది. కిటికీల నుంచి బయటకి మొఖం కడుక్కున్న.”

కిటికీ కింద చూశాను. తడి పడి ఉన్నా ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది.

అతను మెదక్ వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. భార్య భూలక్ష్మితో యూసుఫ్‌గూడలో ఒక గదిలో ఉంటాడు. నేలమీద పాకి పాకి మోకాళ్లు నల్లగా మొద్దుబారాయి. ఊళ్లో విత్తనం వేసేముందు మట్టి పిడికిట పట్టి తడి చూసేవాడట.

“గప్పుడు తడి ఉన్నదా అని చూస్తుంటి. ఇప్పుడు పోయిందా అని చూస్తున్న.”

మూడేళ్ల కిందట తన గల్లీలోనే ఒక ఓనర్ తొందరపెడితే గచ్చు ఆరకముందే షీటు వేశాడట.

“వానకాలంల షీటంత అప్పడం లెక్క లేచింది. నేనే ఖరాబ్ చేసిన్నని అందరికి చెప్పిండు. గా గల్లీల మళ్ల ఎవ్వలు పిలువలే. ఇక్కడ సుత గట్లనే అయితే ఎటు పోవాలె?”

బాగానే చెప్పాడు. ఫీజు కట్టించుకునేదాకా కోచింగ్ సెంటర్లవాళ్లు కూడా నాకు బాగానే చెప్పారు.

అతను సంచిలోంచి కొత్త కవరు, టేపు తీసి నా చేతిలో పెట్టాడు. కవరు తిరగేసి, లోపల వేలు పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

“మంచిగ చూడు” అన్నాడు, గుమ్మం బయటకి జరుగుతూ. “జాగ నువ్వే చూసి నువ్వే అంటించు. కిటికీ మూసెయ్యి. తాళంచెవి సుత నీ జేబులనే పెట్టుకో. రేపు పొద్దున మేడం ముందట నువ్వే పీకు తమ్మీ. బొట్లుంటే ఉన్నయని చెప్పు, లేకుంటే లేవని చెప్పు. గంతే అడుగుతున్న.”