కాలవ గట్టు మీద పదిహేను మైళ్లు

తెల్లవారుజామున అయిదుంబావుకి అమలాపురం వంతెన దగ్గర మావారూ, ఆయన స్నేహితుడు సత్యమూ పరుగు మొదలుపెట్టారు. అయిదున్నరకి మొదటి బస్సులో నేను బయల్దేరాను. చంకలో పది నెలల బుజ్జి. చేతిసంచిలో ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె సీసా, పాతచీర చింపి చుట్టలు చుట్టిన కట్లు, పిల్ల గుడ్డలు. వాళ్లిద్దరూ కాలవ గట్టు వెంట కొత్తపేట దాకా, అంటే పదిహేను మైళ్లు, పరిగెత్తాలి. నేను రోడ్డు వెంట పోతూ అంబాజీపేటలోనూ, ముక్కామలలోనూ, పలివెలలోనూ దిగి వాళ్లని చూడాలి.

ఈ ఏర్పాటు నాదే. మావారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వచ్చే నెలలో కాకినాడలో ఇరవై మైళ్ల పరుగుపందెం ఉందని తెలిసినప్పటి నుంచి ప్రతి ఆదివారం దూరం పెంచుకుంటూ వచ్చారు. మూడు మైళ్లతో మొదలై పన్నెండుకి వచ్చేసరికి ఎడమకాలు మోకాలి కింద ముందెముక నొప్పి పట్టుకుంది. వావిలాకు వేసి నీళ్లు కాచి పోశాను. నా పురుటికి మా అమ్మ పంపిన ఆకు నాకంటే ఆయనకే ఎక్కువ ఖర్చయింది. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టాను. తగ్గినట్టే తగ్గి ఆదివారం మళ్లీ వచ్చేది.

చివరికి డాక్టరుగారికి చూపించాం. "కండనొప్పో, ఎముకలో వెంట్రుకవాసి చీలికో ఇప్పుడే చెప్పలేనండి మాస్టారూ. చీలికే అయితే మాత్రం కుంటుకుంటూ పరిగెట్టేరో, నిలువునా విరుగుద్ది. ఆపైన జన్మంతా కుంటే" అన్నారు ఆయన. కుంటి డ్రిల్లు మాస్టారిని ఏ స్కూలు ఉంచుకుంటుంది? ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. వారం రోజులు కాలు కదపకుండా కూర్చోబెట్టాను. ఆ తరువాత ఒప్పందానికి వచ్చాం. ఈ ఆదివారం పదిహేను మైళ్లు పరీక్ష. దారిలో ఒక్క కుంటి అడుగు నా కంటపడినా కాకినాడ మాట మానెయ్యాలి. ఆయన సరేనన్నారు. మరి కంటపడాలంటే నేను దారిలో ఉండాలి గదా!

"పిల్ల పుట్టిన మగాడు నిక్కరేసుకుని ఊళ్లమీద పరిగెట్టడం, వెనకాల పెళ్లాం బస్సెక్కి తిరగడం! ఆయ్, బాగానే ఉంది" అని మా అత్తగారు తలుపేసుకున్నారు.

బస్సులో నా పక్కన పలివెల గుడికి వెళుతున్న ఒక మామ్మగారు కూర్చున్నారు. బండి కదలగానే పలకరింపు మొదలైంది.

"ఎందాకా తల్లీ?"

"కొత్తపేటండి."

"చంటిపిల్లతో ఒక్కర్తివేనా? మీ ఆయనేరీ?"

"కాలవ గట్టు మీద పరిగెత్తుకుంటూ వస్తున్నారండి."

మామ్మగారు నా వైపు తిరిగారు. "బస్సు తప్పిపోయిందా?"

"లేదండి. కావాలనే."

"ఎవరూ తరమకుండానే?"

"ఆయ్" అన్నాను. వెనక సీట్లో ఎవరో పకపకా నవ్వారు. నాకూ నవ్వు రావలసిందే. రాలేదు.

అంబాజీపేట చేరేసరికి ఆరు. ఇక్కడ కొబ్బరికాయల బస్తాలు పైకెక్కించడానికి బస్సు అరగంట ఆగుతుంది. ప్రయాణికులు కాఫీ హోటల్లో రెండేసి ఇడ్లీలు తినడానికి ఈ వేళ బాగా పనికొస్తుంది. నేను మాత్రం బుజ్జికి మఫ్లరు చుట్టి గట్టెక్కి నిలబడ్డాను. భాద్రపదం కావడంతో కాలవ ఎర్రనీళ్లతో అంచుల దాకా నిండి ఉంది. ఆరూపదికి ఇద్దరూ కనిపించారు. నేను కళ్లతో కంటే చెవులతో ఎక్కువ చూశాను. కుడికాలు నేల మీద ఒక రకంగా పడుతోంది, ఎడమకాలు ఇంకో రకంగా. కుంటు అనడానికి లేదు. అలాగని బాగుందనడానికీ లేదు.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండం" అన్నారు మావారు. ఆయన ఏ మాత్రం బాగాలేనప్పుడే ఆ మాట వాడతారు.

"ఫ్లాస్కులో కాఫీ ఉందనుకుని అయిదు మైళ్లు పరిగెట్టేనండి వదినగారూ! ఉత్త వేడినీళ్లా!" అన్నాడు సత్యం. అతను కొబ్బరి వర్తకుడి గుమస్తా. ఎండుపుల్లలా ఉంటాడు. చెమట కూడా పట్టలేదు. నేను వేడిగుడ్డతో కాలు కాచి, నూనె రాసి, కట్టు బిగించాను. మళ్లీ వెళ్లిపోయారు.

ముక్కామలలో నేను దిగుతుంటే మామ్మగారు కూడా మూట పట్టుకుని దిగిపోయారు. "ఎవరూ తరమకుండా పరిగెట్టే మనిషిని నేనెప్పుడూ చూళ్లేదమ్మా. దేవుడెక్కడికీ పోడు, చూసే పోతాను" అన్నారు. పిల్లని ఆవిడ ఎత్తుకోవడంతో నా చేతులు కాస్త తెరిపిన పడ్డాయి.

ఏడు కావస్తుండగా గట్టు మీద ఇద్దరికి బదులు ముగ్గురు వస్తున్నారు. ముందున్నది అరటిగెలల కావిడి మోసే మనిషి. యాభై ఏళ్లుంటాయి. ఆయన వెనకాల మావారు, ఆ కావిడి ఊగే తీరులోనే మోకాళ్లు సడలించి పొట్టి పొట్టి అడుగులు వేస్తూ. నాకు దగ్గరగా వచ్చి కావిడి దించి ఆ మనిషి అన్నాడు:

"బాబుగారు మడం దించి కొడతన్నారండి, గునపం దించినట్టు. ఆ ఎముక మాత్రం ఏం చేసుద్దండి, పాపం? బరువెత్తినోడు అలా అడుగేస్తే సాయంత్రానికి కాలుండదండి. అడుగు పొట్టిది చెయ్యాలండి. కావిడిబద్ద లేచినప్పుడే కాలూ లేవాలండి."

"మా డ్రిల్లు పుస్తకంలో అడుగు బాగా సాగదియ్యమని ఉందయ్యా" అన్నారు మావారు.

"ఆ పుస్తకం రాసినాయన ఎన్ని గెలలు మోసేడండి?"

మామ్మగారు నవ్వు పట్టలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావారు నా ఎదుట అటూ ఇటూ పరిగెత్తి చూపించారు. ఆ చప్పుడు పోయింది. రెండు కాళ్లూ ఒకేలా పడుతున్నాయి. "నొప్పి సగానికి సగం లేదు" అన్నారు. ఈసారి బ్రహ్మాండం అనలేదు కాబట్టి నమ్మాను. ఆరు వారాల్లో మొదటిసారి నాకు గుండెల నిండా ఊపిరి ఆడింది. ఆయన ఆ సంతోషంతో ఇంతకు ముందుకన్నా వడిగా పలివెల వైపు దూసుకుపోయారు. సత్యం వెనకబడి, "మాస్టారూ, ఆగండి మాస్టారూ!" అని అరవడం కూడా వినిపించింది.

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. మామ్మగారూ నేనూ కలిసి జట్కా మాట్లాడుకున్నాం. గుర్రం కన్నా మనమే నయమని ఆవిడ రెండుసార్లు అన్నారు. పలివెల వంతెన దగ్గర దిగేసరికి ఎనిమిదికి పది నిమిషాలు. లెక్క ప్రకారం వాళ్లు నాకంటే ముందే రావాలి. రాలేదు. వంతెన పక్క సోడాకొట్టు ఆయన్ని అడిగాను. "ఎవరూ రాలేదండి" అన్నాడు.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. నా బుర్రకి ఇక పనే పని. ఎముక విరిగి గట్టు మీద పడి ఉంటారనుకున్నాను. పడింది గట్టు మీద కాదు, కాలవలో అనుకున్నాను. సత్యానికి ఈత రాదని గుర్తొచ్చింది. బుజ్జి ఏడుపు లంకించుకుంది. పాలిచ్చినా మానలేదు. అంతలో దూరంగా, వాళ్లు రావలసిన వైపునే, డప్పు మోగింది.

సోడాకొట్టు ఆయన సీసా కింద పెట్టేశాడు. ఆ చప్పుడు ఎందుకో ఇక్కడ పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కరలేదు. నిమిషాల మీద పదిమంది పారలతో, ఖాళీ గోనెలతో వంతెన దాటి పరిగెత్తుకుంటూ వచ్చారు.

"గండి పడిందంటండి! ముక్కామల వైపున గట్టు తెగిందంట! ఇద్దరు మనుషులు తెల్లమొహాలేసుకుని గట్టంట పరిగెట్టుకొచ్చేరంట, పిలిచినా ఆగలేదంట!"

ఇద్దరు మనుషులు. బుజ్జిని మామ్మగారి చేతికిచ్చి వాళ్లకి ఎదురు వెళ్లాను.

కాలవలు నిండుగా ఉన్న రోజుల్లో గట్టు మీద ఉత్తపుణ్యానికి పరిగెత్తకూడదు. ఇది కోనసీమలో పిల్లలకి కూడా తెలుసు. పరిగెత్తాడంటే గండి కబురు తెస్తున్నాడన్నమాట. చిన్నప్పుడు గట్టు మీద పందెం వేసినందుకు తాతగారి చేత చెంపదెబ్బ తిన్నానని మావారే చెప్పారు. కానీ ఆరు వారాలుగా ఆయన పరిగెత్తింది మా ఊరి చుట్టుపక్కలే. అక్కడ అందరికీ ఆయన డ్రిల్లు మాస్టారని తెలుసు. దూరం పెంచుకుంటూ పోయి ఆయన్ని ఎరగని ఊళ్లలోకి వెళ్లామన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. బి.ఏ. చదివి, రాత్రింబవళ్లు రానున్న ముప్పులు లెక్కబెట్టుకునే నాకూ తట్టలేదు.

"అది గండి కాదండీ! మావారండీ!" అన్నాను. డప్పు మోతలో నా మాట కలిసిపోయింది.

"ఏంటమ్మా?"

"వాళ్లు పరుగుపందేనికి అలవాటు చేసుకుంటున్నారు బాబూ, ఈవిడ మొగుడూ ఇంకొకాయనానూ" అని మామ్మగారు గట్టిగా చెప్పారు.

పారపట్టిన పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ రోజుల్లోనా? గట్టు మీదా? చదువుకున్నోళ్లేనా అమ్మా మీరు?" అన్నాడు.  వాళ్లు నా మాట మీద ఆగిపోలేదు. కంటితో చూడందే ఎలా ఆగుతారు? గోనెలు భుజాన వేసుకుని డప్పు మోగిన వైపే వెళ్లారు. జనం మావారిని కొడతారేమో అన్న కొత్త భయం పట్టుకుంది నాకు.

ఎనిమిదిన్నరకి సత్యం ఒక్కడే వచ్చాడు. ఇప్పుడు చెమట పట్టింది.

"భయపడకండి వదినగారూ, బానే ఉన్నారు. దారిలో కట్టు జారితే ఆగాం, అందుకే ఆలస్యం. ఒక పేట దాటి మైలున్నర వచ్చేశాం. వెనకాల డప్పు మోగింది. మనల్ని చూసే అని మాస్టారికి అర్థమైపోయింది. ఎవరో ఒకరు చెబుతార్లెండి, మనం పోదాం అన్నాను. వింటేనా! నువ్వు వెళ్లి మీ వదినకి చెప్పు అని వెనక్కి తిరిగి ఒకటే పరుగు. ఆ కావిడాయన చెప్పిందంతా గాలికొదిలేసేరు. మడం దించి, అడుగు సాగదీసి, ఆ గట్టిగట్టు మీద..."

మొహం తుడుచుకుని, వచ్చిన దారినే చూస్తూ నిలబడ్డాడు.

తొమ్మిది దాటాక ఒక రెండెడ్ల బండి వచ్చింది. గండి పూడ్చడానికి వేసుకున్న ఖాళీగోనెల మీద మావారు కూర్చుని ఉన్నారు. ఆ పేట మనుషులే తీసుకొచ్చారు. ముందు నలుగురూ తిట్టారట. ఒకాయన చెయ్యెత్తాడట కూడా. ఇంతలో గట్టు కాపలా కాసే కాలవ లస్కరు అటునుంచి వచ్చి గట్టు భేషుగ్గా ఉందని చెప్పాక, "ఆయ్, కూర్చోండి మాస్టారూ, ముందు మజ్జిగ పుచ్చుకోండి" అని అరుగు మీద కూర్చోబెట్టారట. బండాయన నాతో, "తీసుకెళ్లండమ్మా. ఈసారి పరిగెట్టేటప్పుడు ముందురోజు మాకో కబురెట్టండి" అన్నాడు.

మావారు బండి దిగి నా వైపు నాలుగడుగులు వేశారు. నాలుగూ కుంటి అడుగులే. దాచడానికి ఆయన ప్రయత్నించలేదు.

డాక్టరుగారు నాకొక పరీక్ష నేర్పారు. నొప్పి అరచెయ్యంత మేర ఉంటే కండ, ఒక్క బొటనవేలు మోపినంత చోటే ఉంటే ఎముక. ఆయన్ని బండి నొగ మీద కూర్చోబెట్టి ముందెముక వెంట పైనుంచి కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను.  ఒక్క చోట చక్రం మీదున్న ఆయన చెయ్యి బిగుసుకుంది. కాస్త పైకి నొక్కాను, కాస్త కిందికి నొక్కాను. వదులైంది. మళ్లీ అక్కడే నొక్కాను. బిగుసుకుంది.

ఇక వేలు తీసేశాను. మామ్మగారు నా మొహం చూసి, బుజ్జిని నా చేతికిచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి గుడి వైపు వెళ్లిపోయారు.

పదిన్నరకి కొత్తపేట నుంచి వచ్చే బస్సెక్కాం. ఆదివారం ఆ బస్సులో సీట్లు సులువుగా దొరుకుతాయి. మావారి కాలు ఎదుటి సీటు మీద పెట్టి, నా చీరపేలికలతో బిగించి కట్టాను. బస్సు ముక్కామల దాటింది.

"కాకినాడ..." అన్నాను.

"మాటిచ్చాను గదా. మానేశాను" అన్నారు.

ఆరు వారాలుగా ఈ మాట వినాలనే నేను ఇన్ని వావిలాకులు కాచాను, ఇన్ని మొక్కులు మొక్కాను. తీరా విన్నాక సంతోషం రాలేదు. కోపం వచ్చింది. "సత్యం చెప్పినట్టు ఎవరో ఒకరు చెప్పేవారు గదా! లస్కరు రానే వచ్చాడు. పావుగంట ఓపిక పట్టలేకపోయారా? కాలు పోతే మన గతేమిటి?" అన్నాను. పక్కసీటువాళ్లు వింటున్నారని కూడా చూసుకోలేదు.

ఆయన అన్నారు: "నేను వెళ్లేసరికి ఆ పేటలో, నీళ్లొస్తాయని పడవెక్కి ఒకావిడ కూర్చుని ఉంది. నీ ఈడే ఉంటుంది. పిల్లని కొంగుతో తన నడుముకి కట్టేసుకుంది. మునిగినా ఇద్దరూ ఒకచోటే ఉండాలని. గండి లేదమ్మా అని చెప్పాక ఆ ముడి విప్పుకుందామంటే ఆవిడకి రాలేదు. వాళ్ల అత్తగారు వచ్చి విప్పింది."

నేను బుజ్జిని గట్టిగా పట్టుకున్నాను. 

ఈ దారిన దూరాలు పరిగెత్తదలచిన వాళ్లకి నేను చెప్పగలిగింది కొద్దే. అంబాజీపేట దాకా గట్టు మెత్తగా ఉంటుంది, ఆపైన గట్టి. బస్సులు వేళకే తిరుగుతాయి. మంచినీళ్లకీ, కొబ్బరిబొండాలకీ కొరత లేదు. భాద్రపదంలో మాత్రం గట్టెక్కకండి. ఎక్కితే దారి పొడుగునా ముందే కబురు పంపండి. నొప్పి ఉన్న కాలితో అసలే ఎక్కకండి.

పదకొండూ నలభైకి అమలాపురంలో దిగాం. సత్యం జట్కా తెస్తానని పరిగెత్తబోయి, నాలుక కరుచుకుని, నడిచి వెళ్లాడు. ఆదివారం బజారు నిండా జనం. మావారి విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, మా అత్తగారి స్నేహితురాళ్లు. మా పెళ్లయిన మూడేళ్లలో ఆయన నలుగురిలో నా పక్కన నడిచింది కూడా లేదు, ఎప్పుడూ నాలుగడుగులు ముందుండేవారు. ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి ఆ జనాన్ని ఒకసారి చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు. బరువంతా నా మీదే వేశారు. ఒక చంకలో పిల్ల, ఒక భుజాన ఆయన. అందరూ చూస్తున్నారు. చూడనీ అనుకుని, జట్కా వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాను.