రెండో చెయ్యి

పొద్దున్నే టీ కాచుకున్నాక ఆయన వంగి, సిలిండర్ మీది నాబ్ తిప్పి, "కట్టేశాను" అని పైకి అనేవాడు. ఒకప్పుడు ఆ మాట వినగానే భార్య వంటింట్లోకి వచ్చి, తనూ ఓసారి నాబ్ పట్టి చూసి, "చూశాను మహానుభావా, ఇక డ్యూటీకి కదులు" అనేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. ఈయన మాత్రం ఖాళీ ఇంట్లో తన వంతు మాట తను అంటూనే ఉన్నాడు.

అణువిద్యుత్ కేంద్రంలో వాల్వులు చూడటం ఆయన పని. అందరూ 'అనుమానాల మేస్త్రి' అనేవారు. రియాక్టరు ఆపినంత మాత్రాన చల్లారిపోదు. లోపలి ఇంధనం రోజుల తరబడి వేడి పుట్టిస్తూనే ఉంటుంది. నీళ్లు అందకపోతే కరిగిపోతుంది. అందుకే కరెంటు పోయినా నడిచేలా అత్యవసర పంపులు పెట్టారు. ఆ పంపుల వాల్వులు తెరిచి ఉన్నాయో లేదో ఇద్దరు చూడాలి, అదీ విడివిడిగా. మొదటివాడు చూసొచ్చాక రెండోవాడు ఒక్కడే వెళ్లి, మొదటివాడి మాట నమ్మకుండా, చక్రాన్ని మూసేవైపు పిసరంత తిప్పాలి. కదిలితే తెరిచి ఉన్నట్టు. మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టాలి. ముప్పై ఏళ్లు ఆ రెండోవాడు ఈయనే. అందరూ కబుర్లాడుకుంటూ భోజనాలకి వెళ్తుంటే, ఈయన పైపుల మధ్య ఒంటరిగా నడిచేవాడు.

మొదటివాడు ఈయన బావమరిది, భార్యకి సొంత తమ్ముడు. ఒకే మేడలో పై వాటా అతనిది.

భార్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బావమరిది మెట్ల మీద ఎదురొచ్చి, "తెరిచే ఉంది బావా, నా కళ్లతో చూశాను. సంతకం పెట్టేసి అక్క దగ్గరికి పో" అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. ఈయన సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పరీక్షకి పంపు నడిపితే చప్పుడైతే వచ్చింది, నీళ్లు కదల్లేదు. వాల్వు మూసి ఉంది. బావమరిది చూసింది పక్క పంపుది; రెండూ కవలల్లా ఉంటాయి. ఆ నాలుగు రోజులూ కరెంటు పోలేదు, దేవుడు చల్లగా చూశాడు. ఎవరూ అడక్కముందే ఈయన కాగితం రాసిచ్చాడు: "చూడకుండా సంతకం పెట్టాను. మొదటివాడి మాట నమ్మాను."

"అక్క దగ్గరికి పొమ్మన్నందుకా బావా, నా పేరు ఎక్కించావు?" అన్నాడు బావమరిది. అదే ఆఖరి మాట. అతని ప్రమోషన్ ఆగిపోయింది. ఆ నెలలోనే ఆవిడ పోయింది. అయినవాళ్లిద్దరూ ఆవిడకి చెరోపక్క నిలబడ్డారే గానీ పలకరించుకోలేదు.

అయినా కుళాయి నీళ్లు వచ్చినప్పుడల్లా ఈయన బకెట్టు నిండి గుమ్మం దగ్గర ఉండేది. నింపినవాడు మాత్రం కనపడేవాడు కాదు.

రిటైరయ్యాక ఒక పొద్దున్న, ముక్కు దిబ్బడేసేంత జలుబు. పాలు పొంగి మంట ఆరిపోయింది. ఈయన గిన్నె దించి, అలవాటుగా "కట్టేశాను" అనేసి మంచం మీద వాలాడు. కాసేపటికి తలుపు దబదబ బాదిన చప్పుడు.

"బావా! మెట్ల దాకా గ్యాసు వాసన! తలుపు తియ్యి! స్విచ్ జోలికి పోకు!"

ఈయన గడియ తియ్యగానే బావమరిది తోసుకొచ్చి, నాబ్ తిప్పి, కిటికీలన్నీ బార్లా తెరిచాడు.

"కట్టేశానురా... పైకి అన్నాను కూడా."

"అన్నావులే. రోజూ నా చెవిన పడుతూనే ఉంది. ఇవాళ నోరు కట్టేసింది, చెయ్యి కట్టెయ్యలేదు. పెద్ద అనుమానాల మేస్త్రివి!"

"జలుబు. వాసన తెలియలేదు."

"అక్క ఉంటే నీ దుమ్ము దులిపేది."

"ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

బావమరిది గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఈయన వెనకే వచ్చి అడిగాడు. "ఆ కాగితంలో నీ సంగతి రాయకుండా ఉండాల్సిందంటావా?"

"రాయాల్సిందే. కాకపోతే రాసేముందు నాతో ఒక్క ముక్క చెప్పాల్సింది."

"చెప్పాల్సిందిరా. అది నా తప్పే."

అతను మెట్లెక్కకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకో సాయం చేస్తావా?" అన్నాడు ఈయన. "రోజూ నేను కట్టేశానన్నాక ఓసారి కిందికి దిగిరా. నా మాట నమ్మకు. నువ్వే చెయ్యి పెట్టి చూడు."