“ఆయ్” అన్నారు, చెయ్యి కదల్లేదు

పోయిన ఏడాది ధనుర్మాసం. హైదరాబాదు నుంచి రాజమండ్రికి పొద్దుటి విమానం. నడుపుతున్నది కెప్టెన్ మూర్తిగారు, రాజోలు మనిషి. పక్క సీట్లో నేను, ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే రెండో పైలట్‌ని. మాది అమలాపురం. బయట ఆయన నాకు బాబాయిగారు. కాక్‌పిట్ తలుపు మూసుకుంటే కెప్టెన్.

మా కోనసీమ వాళ్లకి మర్యాద ఒక జబ్బు. ఎవరేమన్నా ముందు “ఆయ్” అనేస్తాం, అర్థమయ్యేది తర్వాత. అందుకే మూర్తిగారు మొదట్లోనే చెప్పారు: “చూడమ్మా, నా తప్పు కనబడితే మొహమాటపడకు. రెండుసార్లు చెప్పు. దిద్దుకోకపోతే విమానం తీసేసుకో. నేనేమన్నానో కాదు, ఏం చేసేనో చూడు.” నేను అలాగే దిద్దేదాన్ని. దిద్దిన రోజున టీ ఆయనే ఇప్పించేవారు.

ఆ రోజు రన్‌వే దగ్గర మంచు విడిపోయిందన్నారు. గోదావరి పక్కన మాత్రం అలాగే పరుచుకుని ఉంది. అందులోంచి కొబ్బరిచెట్ల తలలు మాత్రమే తేలుతున్నాయి. ఆటోపైలట్ తీసేసి ఆయన చేత్తో దింపుతున్నారు. దిగే వేగం పెరిగింది.

“సింక్ రేట్,” అన్నాను. మరీ వేగంగా దిగుతున్నామని హెచ్చరిక అది. దానికి “కరెక్టింగ్” అని జవాబు రావాలి.

“ఆయ్,” అన్నారు.

చెయ్యి కదల్లేదు.

“కెప్టెన్, సింక్ రేట్!”

“ఆయ్ అమ్మా.”

తిరిగి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, పెదాల మీద అదే చిరునవ్వు. ఆ చూపులో మాత్రం ఆయన లేరు.

“ఐ హావ్ కంట్రోల్,” అని విమానాన్ని నా చేతుల్లోకి తీసుకుని, దిగడం ఆపి పైకి లేపాను. దాన్ని గో-ఎరౌండ్ అంటాం. నేను పిలిస్తే కేబిన్‌లోంచి వచ్చిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి ఆయన సీటు వెనక్కి జరిపి బెల్టు బిగించింది. చుట్టు తిరిగొచ్చి దిగేదాకా, ఎవరూ ఏమీ అడక్కుండానే ఆయన మధ్యమధ్యలో “ఆయ్… ఆయ్” అంటూనే ఉన్నారు, ఎదురుగా మంచులోంచి ఎవరో పిలుస్తున్నట్టు. వెనక నిండా ప్రయాణికులు. నాకు ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి తీరికేది?

మెదడులో నరం పూడుకుందన్నారు డాక్టర్లు. కొన్నాళ్లకి చూడ్డానికి వెళ్తే ఆయన మంచం మీంచే అడిగారు.

“బాగానే దింపేనా అమ్మా?”

అవునని చెప్పమని పక్కనే పిన్నిగారు కళ్లతో బతిమాలుతున్నారు. నాకూ నాలుక దాకా వచ్చింది. కానీ ఆయన నేర్పిన పని అది కాదు.

“లేదండీ. నేను తీసేసుకున్నానండి.”

“ఆయ్,” అన్నారు.

ఆ రోజు నుంచి పక్క సీటు జవాబుని నేను నమ్మడం లేదు, చెయ్యి కదిలితేనే నమ్ముతున్నాను. అందుకే ఆయన చేతికేసి చూశాను. అది దుప్పటి మీంచి మెల్లగా లేచి, నా తల మీదికి వచ్చింది.